చిలకల అంచు, రెండు ఫోల్డర్లు

రెండు కొప్పులు ఒకచోట ఇమడవని సామెత కట్టిన మహానుభావుడెవరో ఉప్పాడ వచ్చి జాందానీ మగ్గం చూసి ఉండడు. ఇక్కడ ఒక్క చీరకి ఇద్దరు కూర్చోవాలి, ఎడమవైపు ఒకరు, కుడివైపు ఒకరు. అంచులో పువ్వో పిట్టో ఎక్కేటప్పుడు దారం దారానికీ ఒకరికొకరు చెప్పుకోవాలి. తలుపులమ్మా, ఆమె తోడికోడలు సత్యవేణీ ఏళ్ళ తరబడి అలాగే కూర్చుంటున్నారు. "అక్కా, ముక్కు వచ్చింది!" అని ఈమె, "నాకూ వచ్చిందమ్మా, కన్నెయ్యి!" అని ఆమె. వాళ్ళు నేస్తుంటే చీరలో ఏం పడుతోందో వీధిలో పోయేవాళ్ళకి కూడా తెలిసిపోయేది.

అలాంటి మగ్గం ఈ వేసవిలో మూగబోయింది. నేత సాగుతూనే ఉంది, మాటలే లేవు.

దీనంతటికీ మూలం కంప్యూటర్. పాత ఇంటిని సముద్రం కోసేసినప్పుడు, అత్తగారు సంపూర్ణమ్మ గీసిపెట్టిన గళ్ళ కాగితాలు కూడా దాంతోపాటే పోయాయి. మిగిలిన పాత చీరలు ముందు పెట్టుకుని, తోడికోడళ్ళు ఆ నమూనాలు మళ్ళీ కంప్యూటర్‌లో గీయడం మొదలుపెట్టారు. పొద్దున తలుపులమ్మ, మధ్యాహ్నం సత్యవేణి. గీసినదాన్ని ప్రింటు తీసి, పడుగు కింద పెట్టుకుని, దాన్ని చూస్తూ నేస్తారు.

చిలకల అంచు దగ్గర వచ్చింది పేచీ. చిలక తోక పొట్టిగా ఉంది, సాగదియ్యమంది తలుపులమ్మ. సాగదీశానంది సత్యవేణి. తలుపులమ్మ తెరిచి చూస్తే తోక ఎక్కడిదక్కడే ఉంది. అటు ముక్కుకి వంపు తెచ్చానని తలుపులమ్మ చెప్పింది. సత్యవేణి చూస్తే ముక్కు మేకులా నిటారుగానే ఉంది. చెయ్యకుండానే చేశానంటోందని ఈమెకి ఆమె మీదా, ఆమెకి ఈమె మీదా అనుమానం.

"ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే తోక దానంతటదే పెరుగుద్దా?" అంది పెద్దామె.

"నువ్వు దిద్దిన ముక్కు నీకొక్కదానికే కనపడుద్దిలే అక్కా!" అంది చిన్నామె.

అక్కణ్ణుంచి ఎడమొహం పెడమొహం. చివరికి సత్యవేణి తేల్చి చెప్పేసింది. "ఈ చీర మగ్గం దిగాక నేను కొత్తపల్లి వెళ్ళి మా చిన్నమ్మ మగ్గం మీద కూర్చుంటాను."

"నీ ఇష్టం," అంది తలుపులమ్మ బింకంగా. లోపల మాత్రం దిగులే. సగం మగ్గంతో తనేం చేసుకుంటుంది? ఇంకెవరినైనా తెచ్చి కూర్చోబెట్టొచ్చు, నిజమే. కానీ తన చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూడకుండానే తెలిసిన మనిషి ఇంకెవరున్నారు? ఆ మాట పైకి చెబితే ఎక్కడ లోకువైపోతానోనని నోరు నొక్కుకుంది. అభిమానం అంత పాడుది మరి.

మాటల్లేవు కనక ఎవరి కాగితం వాళ్ళే ప్రింటు తీసుకున్నారు. ఎవరి వైపు వాళ్ళు నేశారు. జానెడు నేశాక చీర వంక చూసి ఇద్దరూ చేతులాపేశారు. ఎడమ అంచులో చిలకకి ముక్కు వంపు తిరిగింది, తోక మొండి. కుడి అంచులో చిలకకి తోక బారెడు, ముక్కు మేకు.

"ఇదేంటే?" అంది తలుపులమ్మ. చాలా రోజుల తర్వాత మొదటి మాట అది.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు. అడుగున ఒకే పేరు: చిలకల అంచు. అంటే తోక సాగదీసిన మాటా నిజమే, ముక్కు వంచిన మాటా నిజమే.

ఇద్దరూ కలిసి కంప్యూటర్ ముందుకెళ్ళారు. తలుపులమ్మ ఎప్పటిలాగే తెర మీదున్న గుర్తు నొక్కి తెరిచింది. తర్వాత సత్యవేణి, తనకలవాటైన దారిలో, గీసే ప్రోగ్రామ్‌లోంచి తెరిచింది. డాక్యుమెంట్స్ అని ఇక్కడొక ఫోల్డరు, డాక్యుమెంట్స్ అనే అక్కడొక ఫోల్డరు. రెండిట్లోనూ అవే పేర్లు. ఇన్నాళ్ళూ ఎవరి గదిలో వాళ్ళు కూర్చుని, అవతలామె ఇల్లు ఊడవలేదని తిట్టుకున్నారన్నమాట.

కంప్యూటర్ రిపేరు చేసే సుకుమార్‌కి ఫోన్ చేశారు.

"అయ్యో, చెప్పడం మర్చిపోయానండి! ఆ మధ్య వచ్చినప్పుడు, మిషన్ పాడైనా మీ బొమ్మలు పోకుండా ఆన్‌లైన్‌లో కూడా దాచేటట్టు పెట్టానండి. దాంతో రెండోది పుట్టింది. పాత గుర్తు నొక్కితే పాతదే తెరుచుకుంటాదండి."

"ఒకటి తీసేస్తే సరిపోద్దా బాబూ?"

"అమ్మో, తియ్యకండి! అన్నీ ఒకదాంట్లోకి తెచ్చుకోండి. పేరు కలిస్తే రీప్లేస్ చెయ్యమంటారా అని అడుగుద్ది. ఊఁ అన్నారో, అక్కడున్నది పోయినట్టే. ఏది కొత్తదో మిషన్ చెబుద్ది గానీ, ఏది బాగుందో మీరే చూసుకోవాలండి."

తలుపులమ్మ ఎడమవైపు కుర్చీ వేసుకుంది, సత్యవేణి కుడివైపు. ఎవరూ అనుకుని కూర్చోలేదు, అలవాటు అలా కూర్చోబెట్టింది. పాతదాంట్లోంచి ఒకటి, కొత్తదాంట్లోంచి ఒకటి తెర మీద పక్కపక్కన తెరిచారు. "మామిడిపిందె నీదే బాగుందమ్మా, ఉంచు." "తామర మాత్రం నీదక్కా, నాది ముద్దలా ఉంది." పోట్లాడుకున్నవాళ్ళే ఒకరి పని ఒకరు మెచ్చుకోవడంలో పడ్డారు.

చిలక దగ్గర మాత్రం ఇద్దరూ ఆగారు. ఏది ఉంచినా రెండోదానికి అన్యాయమే. సత్యవేణి అక్క గీసిన ముక్కు తెచ్చి తన చిలకకి అతికించింది. అప్పుడు చూడాలి ఆ చిలకని! అత్తగారి చీరలో చిలక కూడా ఇంత ఠీవిగా లేదు.

అన్నీ కొత్త ఫోల్డరులోకి చేరాయి. పాతది ఖాళీ అయిందని ఇద్దరూ చూసుకున్నాకే, సుకుమార్ చెప్పినట్టు పాత గుర్తు తీసేసి కొత్తది పెట్టుకున్నారు. మర్నాడు నేసిన జానెడూ విప్పడానికి కూర్చున్నారు. తలుపులమ్మకి కొత్తపల్లి సంగతి అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే ఏం వినాల్సొస్తుందోనని భయపడి, తలొంచుకుని దారాలు లాగింది.

విప్పడం అయింది. కొత్త కాగితాలు పడుగు కిందికి వెళ్ళాయి. నాడె మళ్ళీ అటూ ఇటూ తిరిగింది.

"అక్కా, ముక్కు వచ్చింది!" వీధిలోకి వినపడేలా అరిచింది సత్యవేణి. "కొత్తపల్లిలో ఇలా కేకెయ్యడానికి ఎవరున్నారక్కా నాకు? నీకొచ్చిందా?"

తలుపులమ్మకి పడుగంతా మసకమసగ్గా కనిపించింది.

"కాస్త ఆగమ్మా," అంది కళ్ళు తుడుచుకుంటూ, "నాకింకా రాలేదు."