మా జేజి చెడగొట్టిన మంచి పేరు

నా చిన్నప్పుడు పులివెందులలో మా సందులో ఒక చేతికి వచ్చినంత పేరు ఏ మనిషికీ రాలేదు. ఆ చెయ్యి మా పక్కింటి అక్కది. అనంతపురంలో హాస్టల్లో ఉండి పి.యు.సి. చదివి, కర్నూలులో డాక్టరు చదువుకు సీటు తెచ్చుకుంది. ఆ రోజుల్లో మా సందులో ఆడపిల్ల పదో తరగతి దాటడమే ఒక వింత. కాలేజీ తెరవడానికి ఇంకా నెల పైన ఉండగానే ఆమెను అందరూ డాక్టరమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారే, సరిగ్గా అలాగే. ఆ సోమలింగానికి నామకరణం చేసింది మాత్రం మా జేజే.

జేజి అంటే మా నాయనను కన్నతల్లి. సన్నగా, పొట్టిగా ఉండేది గానీ నోరు మాత్రం పెద్దది. ఆమె మంచినీళ్ల బావి దగ్గర పొద్దున ఒక మాట అంటే మధ్యాహ్నానికి అది లింగాల దాకా పోయేది.

జరిగిందేమిటంటే, నాకు జ్వరం వచ్చింది. వారం పట్టింది, విడవలేదు. కాంపౌండరు ఇచ్చిన మాత్రలు రోజూ మింగుతూనే ఉన్నాను. ఒక సాయంత్రం పక్కింటి అక్క సీటు వచ్చిన సంగతి చెప్పి అందరికీ చక్కెర పెట్టిపోదామని వచ్చింది. జేజి ఆ పూట మాత్రను ఆమె చేతికిచ్చి, నువ్వే వెయ్యమ్మా అంది. అక్క వేసింది. తెల్లవారేసరికి నా ఒళ్లు చల్లబడింది. రోజూ వేసుకున్న మాత్రే అది. ఎలాగూ దిగబోయే జ్వరమే అని ఇప్పుడు నాకు తెలుసు, అక్కకు ఆ రోజే తెలుసు. మా జేజికి చెప్పేదెవరు? బిందె తీసుకుని బావికి పోయి, ఆ పిల్ల హస్తవాసి అట్లాంటిట్లాంటిది కాదని చాటి వచ్చింది.

ఇక చూడండి. ఒకే మందు ఒకరి చేత్తో ఇస్తే పని చేస్తుంది, ఇంకొకరి చేత్తో ఇస్తే చెయ్యదు అని నమ్మే కాలం. ఇప్పుడు మాత్రం నమ్మనివాళ్లెవరులెండి. తలనొప్పివాళ్లు, నడుం నొప్పివాళ్లు తమ మాత్రలు తామే కొనుక్కొచ్చి, ఒక్కసారి నీ చేత్తో ఇయ్యమ్మా అని అక్క వాళ్ల అరుగు మీద కూర్చునేవారు. అంగడి పెట్టబోయే ఒకాయన మొదటి బేరం ఆమే చెయ్యాలని పట్టుబట్టాడు. ఇంకొకాయన పాలు సరిగా ఇవ్వని ఎనుమును తోలుకొచ్చి, దాని పొదుగు మీద ఒక్కసారి చెయ్యి పెట్టమన్నాడు. వెయ్యిమందిని చంపితే గానీ వైద్యుడు కాడంటారు, నువ్వు ఒక్కరినీ చంపకుండానే అయిపోయినావు గదమ్మా అని సందులో పెద్దలు వేళాకోళం ఆడేవారు. అందరూ నవ్వేవారు. అక్క నవ్వేది కాదు.

అక్క వాళ్ల నాయన తాలూకాఫీసులో గుమాస్తా. జీవితమంతా ఇంకొకరి ముందు నిలబడి బతికిన మనిషి. ఇప్పుడు జనం వచ్చి తన గుమ్మం ముందు నిలబడుతుంటే ఆయనకు ఒళ్లు పొంగిపోయేది. వచ్చినవాళ్ల కోసం అరుగు మీద ఒక బల్ల కూడా వేయించాడు. అక్క మొహమాటపడితే, చెయ్యి వేస్తే అరిగిపోతుందా అని మెత్తగా కసిరేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. కూతురు ఎంత బిగుసుకుపోతోందో ఆయనకు కనిపించలేదు, అంతే.

నాకు కనిపించింది. అక్క రెండు చేతులూ పైట కింద దాచుకుని తిరగడం మొదలుపెట్టింది. గజ్జి లేచిన పిల్లలు బళ్లో చేతులు దాచుకుంటారే, అలా. బావికి రావడం మానేసింది. వాళ్ల తలుపు తెరిస్తే అరుగు మీద ఎవరో ఒకరు ఉంటారని, మా ఇంటికి రావాలంటే పెరటి గోడ ఎక్కి దిగేది. నాకు ఆమె బాధ అర్థమయ్యేది కాదు. నా చేతికే అంత పేరు వస్తే నేనైతే దాన్ని పైకెత్తుకుని ఊరంతా తిరిగేదాన్ని.

ఒక మధ్యాహ్నం జేజి వసారాలో కూర్చుని శనక్కాయలు ఒలుస్తుంటే అక్క అలాగే గోడ దిగి వచ్చి ఎదురుగా కూర్చుంది. తనూ రెండు పిడికిళ్లు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. కాసేపటికి గింజలు ఒకచోట, పొట్టు ఒకచోట వెయ్యడం కూడా మరిచిపోయింది. జేజి అడగనే లేదు, ఆమే చెప్పింది.

"నాకు పీనుగలంటే భయం లేదు జేజీ. కొయ్యాలన్నా భయం లేదు. ఆడ సారు నీకేమొచ్చు అని అడిగితే ఏమీ రాదని చెప్పొచ్చు. ఈడ చెప్పేకి లేదే. రాదంటే ఒక్కరూ నమ్మరు. ఇంకా పుస్తకం తెరవకముందే నన్ను డాక్టర్ని చేసి కూర్చోబెట్టినారు. రేపు చదివొచ్చినాక ఒక్క మనిషి నా చేతిలో పోతే ఈళ్లు నన్ను ఊర్లో ఉండనిస్తారా? పోనీ చదువుకే పోకుంటే మా నాయన తల యాడ పెట్టుకోవాల?"

జేజి తేలిగ్గా తీసేసింది. జనం నోరు నాలుగు దినాలే, తర్వాత ఇంకొకరి మీద పడుతుంది అంది. అక్క పొట్టు చేతిలోనే పట్టుకుని, ఆ నోరు నీదే గదా జేజీ అంది. కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నట్టు అంది. జేజి చేతిలోని కాయను ఒలవకుండానే గింజల్లో పడేసింది.

సీటు వదులుకుంటానని కాలేజీకి రాసేస్తానని కూడా అక్క ఆ రోజు అంది. పోతే భయం, పోకపోతే పరువు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏడవనైనా ఏడవలేదు పాపం.

ఆ తర్వాత కొద్దిరోజులకు, పొద్దున ఎండ ఎక్కే వేళ మా సందులోకి ఒక ఎద్దుల బండి వచ్చింది. లింగాల వైపు రైతు, ఆయన భార్య, వాళ్ల కూతురు. ఆ పిల్లది నా ఈడే. బండిలో బొంత మీద కాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉంది. ఒక చెయ్యి పొట్టకు కుడిపక్కన నొక్కి పట్టుకుని ఉంది. ముందు రోజు నుంచి నొప్పి, వాంతులు. వాళ్లు బయలుదేరింది ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు పోయే బస్సెక్కి అక్కడి పెద్దాసుపత్రికి పోదామని. బస్సు కోసం ఆగినచోట టీ అంగడివాడు చెప్పాడట, అంతదూరం ఎందుకు, ఆ సందులో ఒక పిల్ల ఉంది, చేత్తో మాత్రిస్తే చాలు అని.

అక్క గడప దగ్గరికి వచ్చి బండిలోకి చూసింది. నాకేమీ తెలియదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపొండి అంది. ఆ రైతు చేతులు జోడించి, తెలిసినోళ్లంతా అట్లే అంటారు తల్లీ అన్నాడు. ఆమె ఎంత కాదంటే ఆయనకు నమ్మకం అంత పెరిగింది. చుట్టూ చేరిన ఆడవాళ్లు, ఇంత దూరం వచ్చినారు, ఒక్క మాత్ర చేత్తో ఇస్తే ఏం పోతుంది అన్నారు. అక్క వాళ్ల నాయన కూడా అరుగు మీది నుంచి అదే మాట అన్నాడు.

"నువ్విచ్చేదాకా నేను కదలను తల్లీ," అని ఆ రైతు బల్ల మీద కూడా కూర్చోకుండా నేల మీద కూర్చున్నాడు. "బస్సు పోతే పోనీ."

అక్క ద్వారబంధం పట్టుకుని నిలబడిపోయింది. ఇస్తే నయమైందని ఇంటికి తిరిగిపోతారు. ఇవ్వకపోతే ఇక్కడే కూర్చుంటారు. ఎటు చూసినా ఆ పిల్ల బస్సెక్కదు. నేను గోడ మీది నుంచి తొంగిచూస్తున్నాను. అంత చిన్న వయసులో కూడా నాకు తెలిసింది, అక్కను ఎవరో ఒకరు అక్కడి నుంచి బయటికి లాగాలని.

అప్పుడు మా జేజి నా రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయింది. నులక మంచం మీద పడేసి, పెట్టె మీది గొంగడి తీసి నెత్తి నుంచి కాళ్ల దాకా కప్పేసింది. వణుకు అంది. ఎందుకు జేజీ అంటే, నోరెత్తినావంటే వీపు పగుల్తాది అంది. మరుక్షణం కొప్పు ఊడదీసుకుని, నోరు కొట్టుకుంటూ వీధిలోకి పరిగెత్తింది.

"ఇదేం చెయ్యి నాయనా, ఎవరి కొంప కూల్చేకి పెరిగిందీ చెయ్యి. దీని చేతి మాత్ర మింగి నా మనవరాలికి జ్వరం దిగినట్టే దిగి తిరగబెట్టింది. బిడ్డ మూలుగుతాంది, వచ్చి చూడండి. మీకూ బిడ్డ కావాలంటే దీని గడప తొక్కకండి."

ఎండాకాలం పూర్తిగా పోని రోజులు. గొంగడి లోపల గొర్రె వాసన, చీకటి, చెమట. బయట ఏం జరుగుతోందో తెలియదు, లేచే దారి లేదు. వణకమన్నారు కాబట్టి వణికాను, కాసేపటికి ఆ వణుకు నిజమేనేమో అనిపించింది. ఎవరో గొంగడి అంచు ఎత్తారు. మొరటుగా, గరుకుగా ఉన్న ఒక చెయ్యి నా నుదుటి మీద పడింది. లింగాల రైతు. అబ్బా, కాలిపోతాంది అన్నాడు. ఆ గొంతులో భయం విని నేను కళ్లు గట్టిగా మూసుకున్నాను. బయట ఆయన భార్య ఏడుస్తూ పిలుస్తోంది. ఇద్దరూ బండిని తిప్పుకుని బస్సుకు పరిగెత్తించారు. బస్సు అందుకున్నారని ఆ తర్వాత తెలిసింది.

ఆయన పోయాక ఇంకొకరు వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. అక్క. ఎప్పటి నుంచి అని అడిగింది. నేను పలకలేదు, జేజి భయం నాకు. గొంగడి సందులోంచి ఆమె మొహం చూశాను. తన వల్లే నేను అలా అయిపోయానని ఆమె పూర్తిగా నమ్మేసింది. రక్తం లేని ఆ మొహం ఇన్నేళ్లయినా నాకు గుర్తుంది.

జేజి లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టింది. గొంగడి లాగి పారేసి, లెయ్ అంది. నేను చెమటతో తడిసి ముద్దయి లేచి నిలబడ్డాను. అక్క నన్ను చూసింది, జేజిని చూసింది. నేల మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు, రెండూ చేసిందనుకుంటాను.

"పేరు పెట్టింది నేనే, పీకింది నేనే. ఇంక ఎవరూ నీ గడపకు రారు," అంది జేజి కొప్పు ముడుచుకుంటూ.

"నాకు నిజంగానే ఏమీ రాదు జేజీ."

"మంచిదే కదమ్మే. ఏమీ రానోళ్లే గదా బడికి పొయ్యేది."

మంచి పేరు లింగాల దాకా పోతే, చెడ్డ పేరు అంతకంటే దూరం, గండి దాకా పోయింది. అరుగు ఖాళీ అయింది. బల్ల లోపలికి పోయింది. అక్క వాళ్లమ్మ గోడ మీది నుంచి మా జేజిని తిట్టని తిట్టు లేదు. పచ్చని సంసారం చూసి కళ్లల్లో నిప్పులు పోసుకున్న ముసలిది అని సందులో అందరూ అన్నారు. బావి దగ్గర జేజి వస్తే మాటలు ఆపేసేవారు. మాట లేకపోతే అన్నం సయించని మనిషికి అంతకంటే శిక్ష లేదు. అయినా అసలు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. చెబితే పోయిన పేరు మళ్లీ వస్తుందని ఆమె భయం. లింగాల పిల్లకు కడుపు కోసి ఆపరేషన్ చేశారని, లేచి తిరుగుతోందని బస్సు కండక్టరు చెప్పినప్పుడు కూడా, విని, ఊరికే తలూపి, పొయ్యి ఊదుకుంది.

అక్క కర్నూలుకు బయలుదేరిన రోజు సందంతా వాళ్ల ఇంటి ముందు చేరింది, మమ్మల్ని మాత్రం పిలవలేదు. జేజి కిటికీ పక్కన నిలబడి చూసింది. అక్క ట్రంకుపెట్టె ఒక చేత్తో, సంచి ఒక చేత్తో పట్టుకుని నడిచింది. దారిలో ఒక్కరూ చేత్తో మాత్ర ఇమ్మని ఆమెను ఆపలేదు. మా కిటికీ ముందుకు వచ్చినప్పుడు, వాళ్లమ్మ చూస్తోందని కాబోలు, తల తిప్పలేదు గానీ అడుగు ఒక్కటి నెమ్మది చేసింది. జేజి కళ్లు తుడుచుకుంది. అక్క డాక్టరై తిరిగి వచ్చేసరికి మా జేజి లేదు.

ఆ తర్వాత నేను టీచరుగా పనిచేశాను. పొగిడేవాళ్లు నాకు చాలామందే దొరికారు. నా మీద ప్రేమతో నా పేరు చెడగొట్టగలిగినవాళ్లు మా జేజిలాగా ఒక్కరూ దొరకలేదు. అందుకని ఆ పని నాకు నేనే చేసుకుంటూ వచ్చాను. తెలియనిది అడిగితే తెలియదనే చెప్పాను, పిల్లల ముందు కూడా. మొన్న మా వీధిలో ఒక పిల్లకు మెడికల్ సీటు వస్తే కూడలిలో ఆమె ఫోటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారు, తెల్లకోటు కూడా వేసేశారు. ఆ పిల్ల దాని కింద నుంచి తలొంచుకుని పోతుంటే పిలిచి, నీకేమైనా వచ్చునా తల్లీ అని అడిగాను. ఆమె అటూ ఇటూ చూసింది. ఎవరూ వినడం లేదని తేల్చుకుని, ఏమీ రాదవ్వా అంది. అలాగైతే ధైర్యంగా పోయిరా అని చెప్పి పంపించాను.