బస్సులో తూటాల పాఠం

ఒక బస్సు బస్సంతా ఏకమై నన్ను పోలీసులకు పట్టించిన రోజు గురించి చెబుతాను. చివరికి నా పరువు పిసరంత కూడా మిగలదు, ముందే చెప్తున్నా.

డిగ్రీ అయిపోయి, ఆర్మీ ఆఫీసర్ ఇంటర్వ్యూకి పిలుపొచ్చిన రోజులవి. నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఎప్పుడు చూసినా ఫోన్లో తుపాకుల వీడియోలే. తూటాని చేత్తో ముట్టింది లేదు గానీ, ఏ సైన్యం ఏ తూటా వాడాలో నేను తేల్చకపోతే యుద్ధాలు ఆగిపోతాయన్నంత బిల్డప్. సాయంత్రం కొత్తగూడెంలో రైలెక్కాలి, తెల్లారితే ఇంటర్వ్యూ. ఆ రైలు తప్పితే ఆఫీసర్ కల గోవిందా! ముందుగా దుమ్ముగూడెంలో మా మేనత్త కాళ్లకు దండం పెట్టుకుని, ఆమె ఇచ్చిన సున్నుండల డబ్బా బ్యాగులో కుక్కుకుని భద్రాచలం బస్సెక్కాను.

ఎక్కినవాణ్ణి ఊరికే కూర్చోవచ్చు కదా? అబ్బే! చండ్రుగొండలో ఉన్న దోస్తు శీనుకి ఫోన్ చేశాను. ఉత్తుత్తి ఇంటర్వ్యూ అన్నమాట: వాడు ప్రశ్నలడిగే పెద్దసారు, నేను జవాబులు చెప్పాలి. సిగ్నల్ అంతంతమాత్రం, అందుకని అరుస్తున్నాను.

"అడివిల కొట్లాటకు ఏ తూటా మంచిగుంటది?" అన్నాడు శీను.

"చిన్నది అస్సలు పనికిరాదురా! ఇప్పుడు అందరు కవచాలు తొడుగుతున్నరు. ఆకులు, కొమ్మలు చీల్చుకుని పోవాలంటే పెద్ద తూటానే!"

"బరువు గదా?"

"బరువైతే ఏంది? మోస్తం! అడివిల దిగినంక బరువు చూస్తమా?"

అది అడవి దారి. నక్సలైట్ల కోసం అడుగడుక్కీ పోలీసు చెక్‌పోస్టు. ఇవన్నీ పుట్టినప్పటి నుంచి చూసినవాణ్ణే, అయినా బుర్రకి తట్టలేదు. పక్కనున్న పెద్దాయన కోడిపుంజును చంకలో పెట్టుకుని వెనక సీటుకు మారాడు. కాసేపటికి జనం నిలబడ్డారు గానీ నా చుట్టూ సీట్లన్నీ ఖాళీ. నా తెలివికి ఇస్తున్న గౌరవం అనుకున్నాను, నమ్మండి!

చెక్‌పోస్టు రాగానే కండక్టర్ దిగి, నా కిటికీ వైపు వేలు చూపించాడు. సరిగ్గా అప్పుడే ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. పిలుపు కాగితం కూడా అందులోనే ఉంది.

"ఎవలు నువ్వు? తూటాల ముచ్చట ఎవనికి చెప్తున్నవ్?" అన్నాడు ఎస్సై.

"ఇంటర్వ్యూ సార్!"

"బ్యాగుల ఏమున్నయ్?"

"సున్నుండలు సార్."

"తియ్యి. మెల్లగ."

మూత బిగుసుకుపోయింది. బలంగా లాగేసరికి 'టప్' మని పేలినట్టు ఊడింది. పోలీసులు ఒకడుగు వెనక్కి వేశారు. నేనైతే ఎస్సై వెనక దాక్కున్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, మా అత్త నంబరడిగి, స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు.

"వాడా సారూ? మా అన్న కొడుకే!" అంది అత్త. "దీపావళికి కాకరపువ్వొత్తి అంటిస్తే మంచం కింద దూరేటోడు. వానికి తూటాలేంది, నా మొఖం! అవ్ గానీ సారూ, సున్నుండలు తిన్నడా?"

పోలీసులు, ప్రయాణికులు ఒక్కటే నవ్వు. నవ్వుతూ నవ్వుతూనే బస్సు నన్ను వదిలేసి వెళ్లిపోయింది.

"ఇంకో బస్సు ముందల మలుపు కాడ ఆగుతది. జల్దీ పో," అన్నాడు ఎస్సై, ఒక సున్నుండ నోట్లో వేసుకుంటూ.

బ్యాగు ఎత్తి నడిచాను. దింపాను. ఎత్తాను. మళ్లీ దింపాను. వెనక నుంచి ఎస్సై కేక:

"ఏంది తమ్మీ, అత్త సున్నుండలే మొయ్యలేకపోతున్నవ్! నీకు చిన్న తూటాలే నయం!"

కొత్తగూడెం చేరేసరికి రైలు వెళ్లిపోయింది. ఆఫీసర్ కల కూడా దాంతోపాటే పోయింది. స్టేషన్లో కూర్చుని నిజంగానే ఏడ్చాను.

ఇప్పుడు దమ్మపేటలో ఎరువుల కొట్టు నడుపుతున్నాను. ఇదిగో, యూరియా బస్తా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకపై బస్సులో నోరు విప్పితే టికెట్ అడగడానికే విప్పుతాను. అత్త సున్నుండలు ఇప్పటికీ పంపుతూనే ఉంది. డబ్బా మూత మాత్రం మా ఆవిడే తీస్తుంది, నేను పక్క గదిలో ఉన్నప్పుడు.