డాక్టరాంటీ గుమ్మం దాటిన బూట్లు

ఆ రోజుల్లో నాకు కాళ్ళున్నాయన్న సంగతే గుర్తుండేది కాదు. అనంతపురంలో పుట్టి పెరిగినదాన్ని. మాకు చలికాలమంటే ఫ్యాను ఒక నంబరు తగ్గించుకోవడం, మహా అయితే మా నాన్న చెవులకు మఫ్లరు చుట్టుకుని పాలప్యాకెట్టుకు వెళ్ళడం. బడి చదువు అయ్యాక బూటనే వస్తువుతో నాకు సంబంధమే తెగిపోయింది. అలాంటి నేను ఇరవై మూడేళ్ళ వయసులో సిడ్నీలో యూనివర్సిటీ చదువు ముగించుకుని, ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఒక చైల్డ్‌కేర్ సెంటర్లో ఉద్యోగానికి చేరాను. చేరింది మే నెలలో. (మే తర్వాత జూన్ వస్తుందని, ఇక్కడ జూన్ అంటే చలికాలమని నాకు తెలుసు. యూనివర్సిటీ చలికాలాలన్నీ హీటరున్న గదుల్లోనే గడిచాయి కాబట్టి, కాలివేళ్ళకే తెలియదు.)

ఇక్కడి పిల్లలకు చలి అంటదు. పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంటే, షూస్ విప్పి పారేసి మరీ దాని మీద పరిగెత్తుతారు. వాళ్ళ వెనక నేను పరిగెత్తాలి. కంచె ఎక్కడమే జీవితాశయంగా పెట్టుకున్న నాలుగేళ్ళ పిడుగు ఒకడుండేవాడు. వాడు కంచె మీదుంటే నేను షెడ్డు కింద నిలబడి, "కమ్ డౌన్, డార్లింగ్" అని బతిమాలేదాన్ని. గడ్డి మీద అడుగు పెట్టాలంటే ఏడుపొచ్చేది. సాయంత్రానికి వేళ్ళు ఎర్రగా వాచి ఒకటే మంట, దురద. కొన్నాళ్ళు చూసి మా మేనేజరమ్మ పక్కకు పిలిచి, ప్రొబేషన్ అయ్యేలోగా బయట ఆడే పిల్లల వెంట ఉండగలనని చూపించకపోతే ఉద్యోగం ఉండదని చాలా మర్యాదగా చెప్పింది. ఎంతో ఇష్టపడి తెచ్చుకున్న మొదటి ఉద్యోగం, పదివేళ్ళ వల్ల పోయేలా ఉంది.

అప్పుడు నేను డాక్టరాంటీ ఇంట్లో, వెనక గదిలో అద్దెకుండేదాన్ని. గుంటూరు మనిషి. ముప్ఫై ఏళ్ళు ఇక్కడ డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆ ఇంటికి ఒకటే చట్టం: చెప్పు గుమ్మం దాటకూడదు. ప్లంబరైనా, ఫ్రిజ్ మోసుకొచ్చిన ఆజానుబాహులైనా వరండాలో బూట్లు విప్పాల్సిందే. (ఆ మోసుకొచ్చినవాళ్ళలో ఒకతని సాక్సుకు చిల్లుంటే, ఆంటీ లోపలికెళ్ళి అంకుల్‌వి కొత్త సాక్సులు తెచ్చి ఇచ్చారు. చట్టం చట్టమే, మనిషి మనిషే.)

నా వేళ్ళు చూసి ఆవిడ అదిరిపడ్డారు. "ఏంటమ్మాయ్ ఇదీ! చలికి వాచే చిల్‌బ్లెయిన్స్ కదా ఇవి. బూట్లు లేవా నీకు?"

చూపించాను. చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఇవి నీవేనా? మీ అన్నయ్యవా?" అన్నారు. నావే. ఒక సైజు పెద్దవి. చిన్నప్పుడు మా అమ్మ, పెరిగే కాళ్ళని, ఎప్పుడూ ఒక సైజు పెద్దవే కొనేది. నేనూ అలాగే కొన్నాను. ఇరవై మూడేళ్ళకు కాళ్ళు ఇంకా ఎక్కడికి పెరుగుతాయని ఆంటీ అడిగారు.

శనివారం ఆంటీ నన్ను షాపుకు తీసుకెళ్ళారు. పొద్దున వెళ్ళకూడదట, సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి అప్పుడే కొలత చూసుకోవాలట. ఆవిడ బూట్లు ఎంచుతుంటే నేను పెళ్ళిచూపుల్లో తోడుపెళ్ళికూతురిలా పక్కన నిలబడ్డాను. ప్రతి బూటులోనూ చెయ్యి దూర్చి లోపలి గొర్రెబొచ్చు నిజమైనదేనా అని తడిమారు. అడుగు వంచి చూశారు. "వుల్ సాక్స్ వేసుకుని పెట్టు. ఇప్పుడు టోస్ ఆడించు. ఆడుతున్నాయా? టైట్‌గా ఉంటే బ్లడ్ సర్క్యులేట్ అవదు, ఇంకా ఫ్రీజ్ అయిపోతావ్. లేసులొద్దు, సైడ్ జిప్ చూడు. మన ఇళ్ళల్లో పదిసార్లు విప్పాలి కదా!" చివరికి గోధుమరంగు జత ఒకటి నచ్చింది. "ఏదీ, పరిగెత్తు" అన్నారు. షాపులోనా అన్నాను. "మరి నీ ఉద్యోగం అదేగా?" అన్నారు. పరిగెత్తాను. షాపులో ఉన్న ఒక ముసలాయన చప్పట్లు కొట్టాడు.

ఇంత చేసినా సోమవారం పొద్దున అదే కథ. సెంటరుకు చేరేసరికి వేళ్ళు కొయ్యబారిపోయాయి. సాయంత్రం ఆంటీ గుమ్మంలోనే ఎదురయ్యారు. "ఎలా ఉన్నాయ్?"

"బూట్లు బానే ఉండాయి ఆంటీ. కాళ్ళే చల్లగా ఉండాయి."

ఆవిడ ముఖం చిన్నబోయింది. తను రాసిన మందు పనిచేయకపోతే డాక్టర్లు అలాగే అవుతారేమో. మర్నాడు తెల్లవారుజామునే శాలువా కప్పుకుని నాతోపాటు వరండాలోకొచ్చారు. రాత్రంతా చట్టప్రకారం బయటున్న నా బూట్ల మీద మంచు మెరుస్తోంది. ఆవిడ వంగి ఒకదానిలో చెయ్యి పెట్టి, వెంటనే లాగేసుకున్నారు.

"అయ్యో, ఐస్ బాక్స్‌లా ఉంది కదే! ఇందులోనా కాళ్ళు పెడుతున్నావ్?"

వెనక నుంచి అంకుల్, "బూట్లకేం రోగం లేదోయ్. రాత్రిపూట వాటికీ చలేగా" అన్నారు. (ఉద్యోగం రోజుల్లోనూ ఎండెక్కితేగాని బయటికెళ్ళని ఆ దంపతుల చెప్పులకు ఈ కష్టం ఎప్పుడూ రాలేదు. నాకా, చెప్పులు బయట విప్పడం ఎంత అలవాటంటే, అవీ చల్లబడతాయన్న ఆలోచనే రాలేదు.) ఆంటీ గుమ్మం వైపు చూశారు, నా కాళ్ళ వైపు చూశారు. నేను ఆ చల్లటి బూట్లే వేసుకుని బస్సుకు వెళ్ళిపోయాను.

సాయంత్రం వచ్చేసరికి వరండాలో పాతగుడ్డ, లోపల హీటరు పక్కన పరిచిన పాత దుప్పటి. ఆవిడే కింద కూర్చుని నా బూట్ల అడుగులు శుభ్రంగా తుడిచారు. వద్దంటే వినలేదు. ఆ చేతులతో ఎంతమందికి వైద్యం చేశారో! బూట్లు నా చేతికిచ్చి, "తీసుకురా. ఆగాగు, కుడిది ముందు!" అన్నారు. కుడి బూటు ముందు గుమ్మం దాటించాను. ఎడమది తర్వాత. అంకుల్ హారతి తేవాలా అని అడిగి తిట్లు తిన్నారు. మర్నాడు పొద్దున ఆ వెచ్చటి బూట్లలో కాలు పెట్టిన సుఖం ఇప్పటికీ మర్చిపోలేను. కంచె మీద పిడుగును మంచుగడ్డిలో పరిగెత్తుకెళ్ళి దించాను. వాడు మహా ఆశ్చర్యపోయాడు. ఉద్యోగం నిలబడింది.

మొన్న జులైలో డాక్టరాంటీ మా ఇంటికి వచ్చారు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. అలవాటుగా జోళ్ళు గుమ్మం బయటే విప్పారు. నేను ఆవిడ చూడకుండా తెచ్చి హీటరు పక్కన పెట్టాను. "అమ్మా, వై ఆర్ దోజ్ ఇన్‌సైడ్?" అని మా అమ్మాయి అరిచేసింది. బయల్దేరేటప్పుడు ఆంటీ వాటిలో పాదం పెట్టి, వెచ్చగా తగలగానే తలెత్తి నా వైపు చూశారు.

"కుడిదే ముందు తెచ్చావా?" అన్నారు.

"అవునాంటీ" అన్నాను. షాపులో పరిగెత్తిన ఆ పిల్ల గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది, కళ్ళూ చెమర్చాయి.