మిల్లు నేర్పిన సైగలు

మా మేనత్త పోయి ఈ ఉదయానికి పన్నెండు రోజులు. జ్వరం వారం రోజులే ఉంది. షోలాపూర్‌లో మా గల్లీ అంతా వచ్చింది. ఆ పూట మగ్గాలు ఆగాయి. వచ్చినవారిలో ఒక్క రాజికి మాత్రం ఏం జరిగిందో చెప్పడం ఎవరికీ చేతకాలేదు. రాజి ఎదురింటి నేతవాళ్ళ బిడ్డ, తొమ్మిదేళ్ళది. పుట్టుకతోనే చెవులు వినపడవు. అత్తే ఆమెకు పంతులమ్మ.

అత్త ఏ బడికీ వెళ్ళలేదు. మామ పోయాక ఇరవై ఏళ్ళు మిల్లులో, దారం చుట్టే ఖాతాలో, అంటే ఆ విభాగంలో, పనిచేసింది. ఆ మోతలో మాట వినపడదు కనుక అక్కడి ఆడవాళ్ళు చేతులతోనే మాట్లాడుకునేవారు. పిల్లల జ్వరాలు, ఇంటి గొడవలు, మేస్త్రీ మీద వెటకారాలు, అన్నీ చేతులతోనే. పని మానేశాక అత్త అరుగు మీద కూర్చుని ఆ సైగలే రాజికి నేర్పింది.

"ఇదేం చదువే?" అని రాజి నాయనమ్మ నవ్వేది.

"నువ్వు చాటుకు బెల్లం తింటున్నవని ఈ పిల్లనే చేతులతోటి జెప్పింది నాకు. గిది చదువు కాదా?" అనేది అత్త.

అప్పుడే నేను కాన్వెంటు చదువు ముగించి ఇంటికి వచ్చాను. సైగలకు అలవాటుపడితే ఇలాంటి పిల్లలకు మాట రాదని అక్కడ ఒక సిస్టరు చెప్పింది. పుస్తకంలోనూ అదే చదివాను. నేనే నలుగురిలో నోరు విప్పలేని దాన్ని, అయినా రాజి చేత మాట్లాడిస్తానని బయలుదేరాను. రోజూ ఒక గంట ఆమె సైగ చేయకుండా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేది. నా పెదవుల ముందు దూదిపింజ పట్టుకుని "ప" అంటే పింజ కదిలేది. ఆమె నవ్వి తనూ ఊదేది. గంట చాలదనిపించి రోజంతా సైగలు మాన్పించాను. అత్తనూ మానేయమన్నాను.

"నువ్వు చదువుకున్నదానివి బిడ్డా. నీకే ఎరుక," అంది. మానేసింది. ఆ రోజు నన్ను కోప్పడి ఉంటే బాగుండేది.

ఐదో నెలలో రాజి "అమ్మ" అంది. వాళ్ళమ్మ చేతిలోని దారపు కండె వదిలేసి పిల్లను పట్టుకుని ఏడ్చింది. ఆ సంతోషం అబద్ధమని ఇప్పటికీ అనలేను. ఆ వారమే అత్త నన్ను పక్కకు పిలిచింది.

"దాని చెవిల చీము గారుతున్నది. ఎన్ని దినాలైందో ఏమో. ఎవ్వలికి జెప్పలే."

"నొప్పి అనే మాట ఇంకా నేర్పలేదత్తా."

"చేతులల్ల ఉండె గదనే ఆ మాట."

ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టమన్నాను. అత్త వేడినీళ్ళలో గుడ్డ ముంచి రాజి చెవి తుడుస్తూ కూర్చుంది.

చివరి రోజు అత్తకు గొంతు పడిపోయింది. మంచం పక్కన రాజి నిలబడి ఉంది. అత్త రెండు చేతులూ ఎత్తి ఏదో చెప్పబోయింది. రాజి ఆ చేతుల వైపు చూడలేదు. నా వైపు చూసింది, చూడవచ్చా అన్నట్టు. గబగబా తల ఊపాను. ఆమె అటు తిరిగేసరికి అత్త చేతులు దుప్పటి మీద వాలిపోయాయి. మళ్ళీ లేవలేదు.

మూడో రోజున మిల్లులో అత్తతో పనిచేసిన ఒక అవ్వ వచ్చి, రాజి ఎదుట కూర్చుని అత్త ఇక లేదని చేతులతో చెప్పింది. రాజి అంతా చూసింది. ఏడవలేదు.

ఇప్పుడు ఆ అవ్వ దగ్గర నేను సైగలు నేర్చుకుంటున్నాను. రోజూ పొద్దున్నే రాజి మా గడపలోకి వచ్చి, మూడు వేళ్ళు గడ్డానికి ఆనించి, అత్త మంచం వైపు విప్పుతుంది. దాని అర్థం అవ్వను అడిగాను.

"అది మిల్లుది గాదు బిడ్డా. వాళ్ళిద్దరు పెట్టుకున్నది గావచ్చు."

పలకరింపో, ప్రశ్నో నాకు తెలియదు. ఈ ఉదయం రాజి నా కోసం నెమ్మదిగా ఇంకోసారి చేసి చూపించింది. నేనూ మూడు వేళ్ళు గడ్డానికి ఆనించి విప్పాను. ఆమె కాసేపు నా వేళ్ళ వంకే చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.