పులికోనకి ఒక పంది తల

గేసూక్ చేరినప్పుడు ఆ కంపెనీలో కంప్యూటర్ ఆటలు తయారుచేసేవాళ్లు ఏడుగురే. ఇరవై రెండేళ్లలో వాళ్లు నూట నలభై మంది అయ్యారు, ఆమె మాత్రం ఆఫీసు పనుల గేసూక్‌గానే ఉండిపోయింది. ప్రింటర్లో కాగితాలు, పుట్టినరోజు కేకులు, ఊడిన కుర్చీ చక్రాలు ఆమె చూసుకోవాలి. అయితే కొరియాలో ఆటల కంపెనీలకి పేరున్న పాంగ్యోలో ఆమెకి పేరు తెచ్చింది పంది తల. కొత్త ఆట సాఫీగా నడవాలని విడుదల రోజున ఉడికించిన పంది తలని బల్లమీద పెట్టి, బియ్యపు కల్లు పోసి, అందరూ మూడేసి దండాలు పెట్టాలి. తల నవ్వుతూ ఉండాలి. నవ్వే తలని ఏరడంలో గేసూక్‌ని మించినవాళ్లు లేరు.

కొత్త యజమాని ప్యోకి వయసు ముప్పై మూడేళ్లు, ఓపిక మూడు నిమిషాలు.

"మేడమ్, వచ్చే నెల నుంచి మీ పనులన్నీ యాప్ చేసేస్తుందండీ. మీరింక హాయిగా రెస్టు తీసుకోండి," అన్నాడు.

"అలాగే సార్," అంది గేసూక్. హాయిగా ఏమీ లేదు, ఏడుపొచ్చింది. వెళ్లి ప్రింటర్‌ని రెండుసార్లు తుడిచింది.

'పులికోన' విడుదల రోజు ప్యో పంది తలని కూడా టీవీలోనే పెట్టించాడు. నవ్వే పంది బొమ్మకి నిలబడే ఒక దండం పడేశాడు. పూజ తొమ్మిది సెకన్లలో అయిపోయింది.

పదకొండింటికి ఆట తెరిచారు. నాలుగు నిమిషాలకే సర్వర్లు పడకేశాయి. సర్వర్లు చూసే తక్, అతని కిందివాళ్లు కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతూ తలో మరమ్మతు మొదలుపెట్టారు. ఒకడి మరమ్మతుతో లోపలికి దారి దొరికింది, ఇంకొకడి మరమ్మతుతో వీరులందరి పంట్లాములు పోయాయి. పంట్లాములు తెచ్చేసరికి గుర్రాలు మాయం. సర్వర్లు మళ్లీ పడుకున్నాయి. రెండింటికల్లా సమీక్షలు వచ్చిపడ్డాయి.

"రెండు గంటలు వరసలో నిలబడ్డాను. లోపల నా వీరుడికి పంట్లాం లేదు. మళ్లీ వరసలోకే వచ్చేశా, పరువుగా ఉంది. ఒక్క నక్షత్రం."

"వీళ్లసలు పంది తలకి దండం పెట్టారా?"

రెండోది ప్యో పైకే చదివాడు. అందరూ టీవీ వైపు చూశారు. కరెంటు ఆదా కోసం పంది ఎప్పుడో ఆరిపోయింది.

"మేడమ్, ఇప్పుడు తల దొరుకుతుందంటారా?"

"దొరుకుతుంది సార్. నవ్వేదే దొరకదు."

బజారులో ఒక్కటే మిగిలింది.

"ఇదేంటొదినా, అప్పులవాణ్ణి చూసినట్టు మొహం పెట్టింది?" అంది గేసూక్.

"మిట్టమధ్యాహ్నం దాటాక వచ్చి అందం కూడా అడుగుతున్నావా?" అంది కొట్టామె. అలా అన్నా మంచిమనిషే, రెండు పంటిపుల్లలు గుచ్చి మూతి చివర్లు పైకి లేపింది. చూసేవాళ్ల కర్మ, నవ్వు నవ్వే.

గేసూక్ తలని బల్లమీద పెట్టి అందరినీ పిలిచింది. "ఒక్కొక్కరే రావాలి. మోకాళ్లమీద, మూడు దండాలు. ఎవరు తొందరపడ్డా మొదటికొస్తుంది. చివరివాళ్లు లేచేదాకా ఎవరూ కదలకూడదు."

"అక్కా, సర్వర్లు ఇప్పుడే లేచాయి, ఇంకొక్క మరమ్మతు ఎక్కించి వచ్చేస్తా," అన్నాడు తక్.

"కీబోర్డు ముట్టుకున్న చేత్తో దండం పెట్టకూడదు. చెయ్యి కడుక్కుని రా."

ప్యో తొందరపడ్డాడు. మొదటినుంచి చేయించింది.

గంటన్నర పట్టింది. వెళ్లి చూస్తే సర్వర్లు నిలబడే ఉన్నాయి. అరవై వేలమంది లోపల తిరుగుతున్నారు, అందరికీ పంట్లాములున్నాయి. కొత్త సమీక్ష ఒకటి వచ్చింది: "గుర్రం వెనక్కి నడుస్తోంది. అయినా నడుస్తోంది. మూడు నక్షత్రాలు." ప్యో ఆ పంది ముందు అడక్కుండానే నాలుగో దండం పెట్టాడు.

గేసూక్ వంటగదిలో తలని ముక్కలు కోస్తుంటే తక్ వచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, గంటన్నర మాలో ఎవరూ చెయ్యి పెట్టలేదు కాబట్టి నిలబడిందది. పంది చేసిందేమీ లేదు."

"తెలుసు."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"నా మొదటి పంది నుంచి. మీరు ఏడుగురున్నప్పుడూ ఇంతే, చేతులు ఊరుకునేవి కావు. వెళ్లి మీ సార్‌కి చెప్పుకో, అడ్డుపడను." కత్తి చెవిమీద ఆగింది.

తక్ వంటగది తలుపు తీసి, హాలంతా వినపడేలా అన్నాడు. "సార్, అంతా పంది మహిమే. మేడమ్‌ని పంపిస్తే మాత్రం తర్వాతి ఆటకి నాది పూచీ కాదు."

గేసూక్ కరకరలాడే చెవి ముక్క అతని ప్లేట్లో వేసింది. కాసేపాగి రెండో చెవి కూడా వేసింది.