కంటి లోపలి ఫోటోలు

ఫోటోగ్రఫీలో డిగ్రీ పూర్తి చేసి హైదరాబాద్ నుంచి సారపాకకు తిరిగొచ్చిన రోజు నా సంచిలో ఒక పాత కెమెరా, అమ్మ చీర ముక్కలో చుట్టిన కొన్ని అడవి ఫోటోల ప్రింట్లు ఉన్నాయి. ఉద్యోగం మాత్రం లేదు.

మా నాయిన పేపర్ మిల్లులో కాంట్రాక్టు పని చేసేవాడు. లారీల మీద వచ్చిన వెదురు దించడం ఆయన పని. సాయంత్రం ఇంటికొస్తే ముంజేతుల మీద వెదురు పొట్టు సన్నగా మెరుస్తుండేది. కూతురు ఏం చదివిందని ఎవరన్నా అడిగితే, "ఫోటోలు దిగుడు గాదు, తీసుడు చదివింది," అని చెప్పేవాడు.

అంతకుముందు రెండు నెలలు హైదరాబాద్‌లోనే తిరిగాను. ప్రకటనల ఫోటోలు తీసే ఒక స్టూడియోలో పెద్దాయన నా సర్టిఫికెట్ వైపు చూడనే లేదు. ప్రింట్లు ఒక్కొక్కటే తిరగేసి, "నీ అడవి బాగుందమ్మా. మాకు సబ్బుబిళ్లను అందంగా తీసేవాళ్లు కావాలి," అన్నాడు. అసిస్టెంటుగా చేరి ఏడాదిపాటు లైట్లు మోస్తే ఆ తర్వాత కెమెరా ముట్టుకోవచ్చన్నాడు. అంతలోనే, ఆడపిల్లకు ఈ పని కుదరదేమో అని తనే నసిగాడు. ఒక పత్రికవాళ్లు బండి నడపడం వచ్చా అని అడిగారు. రాదన్నాను. నాతో చదివినవాళ్లలో ఒకతను ఆ లైట్లు మోయడానికే చేరాడు, ఇంకొకతను పెళ్లిళ్లు పట్టుకున్నాడు. నేను మాత్రం చెట్ల మధ్య మంచు ఎట్లా కదులుతుందో తీయాలని, ఎక్కడో ఏదో పత్రిక దాన్ని రెండు పేజీల నిండా వేస్తుందని కలలు కంటూ బస్సెక్కాను.

నాయిన ఒకే మాట అన్నాడు. "ఏడున్నా వెలుతురే గద బిడ్డా నీకు కావాల్సింది. గిక్కడ లేదా?"

బూర్గంపాడులో ఒక ఫోటో స్టూడియోలో చేరాను. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలే ఎక్కువ. పొద్దున్నే ఆటోలో వెళ్తుంటే గోదావరి వైపు నుంచి పొగమంచు రోడ్డు మీదికి వచ్చేది. ముందు పోయే ఎడ్లబండి కనిపించేది కాదు, గజ్జెల చప్పుడు ఒక్కటే వినపడేది. ఆ తెల్లదనంలోంచి స్టూడియోలోకి అడుగుపెట్టి నీలం గుడ్డ ముందు కూర్చున్న మనిషిని చూస్తే, ఇద్దరం ఇంకా నిద్రలోనే ఉన్నామా అనిపించేది. రేషన్ కార్డుకనీ, పింఛనుకనీ వచ్చే ముసలివాళ్లు ఫ్లాష్ వెలగ్గానే కళ్లు మూసేసేవాళ్లు. స్టూడియో నడిపే అన్న విసుక్కునేవాడు. నాకు విసుగు రాలేదు. వాళ్ల ఊరి వానల గురించో, మేకల గురించో అడిగేదాన్ని. వాళ్లు జవాబు ఆలోచించే ఆ ఒక్క క్షణంలో కళ్లు తెరుచుకుని నిశ్చలంగా ఉండేవి. అప్పుడు నొక్కేదాన్ని.

ఒకరోజు ఖమ్మం నుంచి ఒక కంటి డాక్టరమ్మ స్టూడియోకి వచ్చింది. ములకలపల్లి దాటాక అడవి అంచున ఒక ఊళ్లో క్యాంపు పెడుతున్నామని, రికార్డు కోసం పేషెంట్ల కళ్లు దగ్గరి నుంచి ఫోటోలు తీసేవాళ్లు కావాలని అంది. స్టూడియో అన్న నన్ను పంపాడు. బడి వరండాలో జనం వరుసగా కూర్చున్నారు. తెల్లబడిన కనుపాపలు, ఎర్రబడిన రెప్పలు అన్నీ తీశాను. మధ్యాహ్నం అన్నాలు తినేటప్పుడు డాక్టరమ్మ నా పక్కన కూర్చుంది.

"మా దవాఖానాలో కంటి లోపల ఫోటో తీసే మిషన్ కొన్నం. తీసేవాళ్లు లేరు. నువ్వొస్తవా?"

"నాకు కంటి గురించి ఏం తెల్వదు మేడం."

"అది నేను నేర్పిస్త. నీకు వెలుతురు తెలుసు. భయపడే మనిషిని కదలకుంట కూర్చోబెట్టుడు తెలుసు. అది ఎవరికీ నేర్పలేం."

వారం దాకా తేల్చుకోలేకపోయాను. నిజం చెప్పాలంటే చిన్నబోయాను. అడవి మొత్తం తీయాలనుకున్నదాన్ని, చీకటి గదిలో మిషన్ ముందు కూర్చోవడమా? చివరికి నాయినతో పాటు వెళ్లి ఖమ్మంలో ఒక గది కిరాయికి తీసుకున్నాను.

మొదటి నెలన్నర నేను తీసినవన్నీ పాడయ్యాయి. గడ్డం ఆనించే చోట పేషెంటు గడ్డం ఆనిస్తాడు, లోపల వెలిగే చిన్న పచ్చదీపాన్ని చూస్తాడు, చుక్కల మందుతో పెద్దదైన కనుపాపలోంచి వెలుతురు పంపి వెనక పొరను ఫోటో తీయాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఫోటో అంచున తెల్లటి నెలవంక పడుతుంది. రోజూ నాకన్నీ నెలవంకలే. డాక్టరమ్మ చూసి, "మళ్లా తియ్యి," అనేది, అంతే.

ఒక మధ్యాహ్నం ఒక్కసారిగా సరైన ఫోటో పడింది. తెర మీద నారింజరంగు మైదానం. ఒక పక్కన పసుప్పచ్చగా వెలిగే గుండ్రటి ముద్ద. దాంట్లోంచి ఎర్రటి నెత్తురు పాయలు పుట్టి, చీలి, మళ్లీ చీలి, కనపడనంత సన్నగా ఎటో పోతున్నాయి. ఆ కన్ను కొత్తగూడెం బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన ఒకాయనది. ఇన్నేళ్లు భూమి లోపల చీకట్లో తిరిగిన మనిషి కంటి వెనక ఇంత సాయంత్రం ఉందా అనుకున్నాను. ఆయన గడ్డం అట్లాగే ఆనించి, "అయిపోయిందా బిడ్డా?" అని అడిగేదాకా చూస్తూనే ఉన్నాను.

ఆ ఏడు ఎండాకాలంలో, క్యాంపులో చూసిన ఒక అవ్వ కూతురిని వెంటబెట్టుకుని బస్సులో ఖమ్మం వచ్చింది. ఆమెకు షుగరు. చూపు మసకబారుతోంది. ఆమెకు మా తెలుగు సరిగా అర్థం కాదు, వాళ్ల భాషే మాట్లాడుతుంది. చీకటి గదిలోకి రాగానే కూతురి కొంగు పట్టుకుంది. ఫ్లాష్ వెలిగిన ప్రతిసారీ ఉలిక్కిపడి తల వెనక్కి తీసింది. నాలుగు ఫోటోలు తీస్తే నాలుగూ పోయాయి. బయట పేషెంట్లు ఎదురుచూస్తున్నారు.

లైటు వేసి ఆమె పక్కన కూర్చున్నాను. "ఇంటికాడ అవ్వ ఏం పని చేస్తది అక్కా?" అని కూతురిని అడిగాను.

"బీడీలకు తునికాకు తెంపుతది. మునుపైతే చెట్ల మీద తేనెపట్టు ఏడుందో మా ఊళ్లో అందరికన్న ముందు ఆమెకే కనపడేది."

"అయితే గా పచ్చదీపాన్ని తేనెపట్టు దిక్కు చూసినట్టు చూడమను. కదిలితే ఈగలు లేస్తయని చెప్పు."

కూతురు నవ్వుతూ వాళ్ల భాషలో చెప్పింది. అవ్వ నవ్వలేదు, నేను లైటు ఆర్పగానే గడ్డం ఆనించింది. ఊపిరి కూడా తీస్తున్నట్టు లేదు. ఆ గదిలో నాక్కూడా ఏ చప్పుడూ వినిపించలేదు, ఎండలో నిలబడ్డ చెట్లు తప్ప చుట్టూ ఏమీ లేనట్టనిపించింది. రెండు కళ్లవీ రెండు ఫోటోలు వచ్చాయి. నేను అప్పటిదాకా తీసినవాటిలో అంత స్పష్టమైనవి లేవు.

తెర ఆమె వైపు తిప్పాను. ముఖం బాగా దగ్గరికి పెట్టి, వేలితో ఆ పాయల్ని తాకుతూ ఏదో అంది.

"తునికాకు ఈనెల లెక్క ఉన్నయి అంటుంది," అంది కూతురు.

ఆ ఈనెల పక్కన ఎర్రటి చుక్కలున్నాయి. కుడి కంట్లో కొద్దిగా, ఎడమ కంట్లో చాలా. అవేంటో నాకప్పటికే తెలుసు. లోపల నెత్తురు కారుతోంది. ఫోటోలు పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి దాదాపు పరుగెత్తాను. ఆ వారమే లేజర్ చేశారు. కుడి కన్ను నిలిచింది. ఎడమ కంటికి చూపు తిరిగి రాలేదు. రాదని చెప్పినప్పుడు అవ్వ నిలిచిన కన్ను మీద చెయ్యి పెట్టుకుని, దాని గురించే ఏదో అడిగింది. మళ్లీ ఆకు తెంపొచ్చా అని అడుగుతోందని కూతురు చెప్పింది. తెంపొచ్చు అంది డాక్టరమ్మ. మందులు మాత్రం మానొద్దంది.

ఆ రోజు తర్వాత నా మనసు వేరే పని వైపు పోలేదు. సెలవు దొరికితే ఇంటికెళ్లి కెమెరాతో అడవి అంచుల్లో తిరిగేదాన్ని. ఆ ఫోటోలు ఏ పత్రికా వేయలేదు. కొన్ని దవాఖానా గోడల మీద ఉన్నాయి.

కొన్నాళ్లకు ఇల్లందు నుంచి ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ దవాఖానాకు వచ్చింది. సింగరేణి కార్మికుడి బిడ్డ, అదే డిగ్రీ అప్పుడే పూర్తి చేసింది. ఒళ్లో ఫోటోల ఫైలు పెట్టుకుని, "అక్కా, పెళ్లిళ్లు తప్ప మనకేమన్నా ఉంటదా?" అని అడిగింది. నాకు తెలిసినవన్నీ చెప్పాను. పత్రికలు, ప్రకటనలు, ఫ్యాక్టరీలు, పాత కాగితాలను భద్రపరిచే ఆఫీసులు, మా లాంటి దవాఖానాలు. ఏ తలుపైనా సర్టిఫికెట్‌కు తెరుచుకోదని, మంచి ఫోటోలు పది పట్టుకుని పోయి, పని నేర్పమని అడగాలని చెప్పాను. ఆమె మొహం చూస్తే మాటలు సరిపోలేదనిపించింది. నా కళ్లల్లో చుక్కల మందు వేసుకుని, పేషెంటు చోట నేను గడ్డం ఆనించి, ఫోటో తీసే చోట ఆమెను కూర్చోబెట్టాను.

"తియ్యి," అన్నాను.

పచ్చదీపం వణికింది. గది అంచులు కరిగిపోతున్నాయి. ఆమె ఊపిరి బిగపట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత పెద్ద వెలుతురు.