బయల్దేరే గట్టు మీద

తడ దగ్గర సరస్సులో కాలేజీల పడవ పందేలని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. పందెంలో తెడ్డు వేసేది మా అమ్మాయి. మాది నగరి. మా వీధిలో నీళ్ళంటే కుళాయి దగ్గర బిందెల వరసే. ఈతకు దిగిన మనిషి మా రెండు వైపులా లేడు. అట్లాంటి ఇంట్లో పుట్టి, తిరుపతిలో కాలేజీలో చేరి, ఈ పిచ్చి తగిలించుకుంది. తెల్లదొరలు మద్రాసులో పొద్దుపోక మొదలుపెట్టిన పందేలట ఇవి. అంతకు ముందే ఈ సరస్సులో చేపలు పట్టేవాళ్ళు తెరచాపలు దించేసి, ఉత్త తెడ్లతో పంతాలకు పోయేవాళ్ళట. ఈ చరిత్రంతా ఫోన్లో అదే నాకు చెప్పింది. దొరలకు పనిలేదు సరే, నీకేమొచ్చిందే అని కసురుకున్నాను.

అసలు నా భయం నీళ్ళు కాదు, దాని కుడి మణికట్టు. సెలవుల్లో ఇంటికొచ్చి స్కూటీ మీద నుంచి పడింది. పుత్తూరు తీసుకెళ్ళి కట్టు కట్టించాం. ఎముక జరిగింది, మూడు కట్లు పడాలి, చివరిది విప్పేదాకా బరువు ఎత్తొద్దని కట్టు కట్టినాయన మరీమరీ చెప్పాడు. ఈ మహాతల్లి రెండో కట్టుతో హాస్టల్‌కు పోయి, దాన్ని కత్తెరతో కోసి పారేసింది. కోచ్‌కు ఒక్క మాట చెప్పలేదు, చెబితే పడవలోంచి దించేస్తాడని. "నువ్వు గానీ సార్‌కు సెప్తే నేను మళ్ళా ఇంటికి రాను సూడు" అని నన్నే బెదిరించింది. ఆ మాటకు జడిసి నేనూ కోచ్‌కు చెప్పలేదు.

పందెం రోజు మా ఆయన గెలుపు గీత దగ్గర చోటు పట్టడానికి ఆత్రపడ్డాడు. "ఎవురన్నా గెలిసేకాడ నిలబడతారు గానీ బయల్దేరేకాడ నిలబడతారా? రా మే" అన్నాడు. నేను కదల్లేదు. కాసేపైనా ఆ చేతిని దగ్గర నుంచి చూసుకోవాలనిపించింది. ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

తెడ్డు వేసేవాళ్ళు వెనక్కి తిరిగి కూర్చుంటారని నాకు అక్కడే తెలిసింది. ముందు ఏముందో వాళ్ళకు కనబడదు, వదిలివచ్చిన గట్టే కనబడుతుంది. పడవకు నలుగురు, మనిషికో తెడ్డు. మా అమ్మాయిది తోక వైపు చివరి సీటు, సరిగ్గా నాకు ఎదురుగా. అది ఎట్లా వేస్తే దాని వీపు వెనక కూర్చున్న ముగ్గురూ అట్లాగే వెయ్యాలి. పైగా నీళ్ళలోంచి తెడ్డు తీసిన ప్రతిసారీ మణికట్టు తిప్పి దాని రెక్కను పడుకోబెట్టాలి.

మైకు గోల, డప్పులు, పిల్లల కేకలు. మాట వినబడే దారి లేదు. మాకది పెద్ద అడ్డం కాదు. మేం పవర్‌లూమ్ షెడ్డులో బతికినవాళ్ళం. ఆ మగ్గాల రొదలో నోటితో మాట్లాడేదెవరు? అంతా చేతులతోనే. రెండు వేళ్ళు కలిపి విడదీస్తే దారం తెగిందని. అరచెయ్యి పైకెత్తితే మగ్గం ఆపమని. ఎత్తిన చెయ్యి కనబడితే ఎందుకని అడగకుండా ఆపాలి, షెడ్డులో అదే కట్టుబాటు. మా పిల్ల బడికి పోకముందే ఇవన్నీ నేర్చుకుంది.

పడవలు వరసలో నిలిచాయి. నేను నా మణికట్టు పట్టుకుని చూపించి, ఎట్లుంది అన్నట్టు తల ఎగరేశాను. అది ఒకసారి వెనక్కి తిరిగి స్నేహితురాళ్ళను చూసింది. తర్వాత తెడ్డు మీద నుంచి చెయ్యి కొంచెం తీసి, రెండు వేళ్ళు కలిపి విడదీసింది.

దారం తెగింది.

నా చెయ్యి దానంతటదే భుజం దాకా లేచింది. ఇప్పుడు ఆపితే మిగతా ముగ్గురి కష్టం మట్టిపాలు. ఇది బతికినన్నాళ్ళూ నన్ను సాధిస్తుంది. నొప్పి ఉందని చెప్పింది గానీ దిగిపోతానని చెప్పలేదు కదా, నొప్పితోనే వేస్తానంటోందేమో అనుకున్నాను. లేచిన చేతిని రెండో చేత్తో పట్టుకుని కొంగులో దాచేశాను. ఈల మోగింది.

అది నన్నే చూస్తూ తెడ్డు వేసింది. పెదవి కొరుక్కోవడం కొంతదూరం వరకు కనబడింది. ఆ తర్వాత ముఖం ఆనవాలు పట్టలేనంత చిన్నదైపోయింది. దేవుళ్ళందరినీ పేరుపేరునా తిట్టాను, మొక్కాను. ఎంత మొండిదే నా బిడ్డ అని ఏడుస్తూనే పొంగిపోయాను.

నేను గట్టు వెంబడి రొప్పుతూ చేరేసరికి రెండో బహుమతి వచ్చిందని మా ఆయన ఎగురుతున్నాడు. అది బురదలో చతికిలబడి ఉంది. మణికట్టు కందిపోయి ఇంత లావు వాచింది. కోచ్ దాని మీద ఐసు పెడుతూ, ఇంక ఈ ఏడు తెడ్డు ముట్టుకునే పనే లేదని కేకలేస్తున్నాడు. కోచ్ పక్కకు పోయాక దాని దగ్గర కూర్చున్నాను.

"అంత నొప్పి పెట్టుకోని ఎట్ల ఏస్తివి తల్లీ" అని తల నిమిరాను, మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను.

అది తల పక్కకు లాక్కుంది. "వాళ్ళతో సెప్పేకి నాకు నోరు రాలేదు మా. అందుకే నీకు సెప్తిని. నువ్వు సెయ్యెత్తుతావని, కనపడినంత దూరం నిన్నే సూస్తా ఉంటిని."

"ఎత్తింటే ఆపేదానివా?"

"నువ్వెత్తినాక నేను ఎప్పుడన్నా ఆపకుండా ఉండానా?"